కెనడా రోస్టర్లు, గుంటూరు ముక్కు

రుచి చూసే ఉద్యోగంలో రిటైర్ కావడానికి అరవై ఏళ్ళు నిండక్కర్లేదు. ముక్కు పని మానేసిన రోజున మనమూ మానేయాలి. నా ముక్కు ముప్పై ఎనిమిదో ఏట మానేసింది. అప్పటికి పద్నాలుగేళ్ళ సర్వీసు.

పోయిన నెల బాపట్ల నుంచి ఇద్దరు ఫుడ్ టెక్నాలజీ విద్యార్థులు ఇంటికొచ్చారు. కాఫీ ఎగుమతిలో చేరబోతున్నారట. "సార్, కెనడాలో కాఫీ వేయించే రోస్టర్లు అంతమంది ఉన్నారు కదా, వాళ్ళలో ఎవరికి మన గింజ ఇవ్వాలో ఎలా తేల్చేవాళ్ళు? ఫార్ములా ఏమైనా ఉందా?" అని అడిగారు. ఉండేది. పద్నాలుగు గళ్ళ పట్టిక. చాలా ముచ్చటపడి వేసుకున్నాను. అది మొదటి ఏడాదే నన్ను ముంచబోయింది. వాళ్ళకు అరగంటలో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మిరప గోడౌన్లోకి కాఫీ ఎలా వచ్చింది

మా యజమాని కోటేశ్వరరావు గారు. గుంటూరు మిర్చి యార్డులో తాతల నాటి నుంచి వ్యాపారం. గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, ఒకటి విరిచి వాసన చూసి, అది ఏ నేలలో పండిందో, కోసిన తర్వాత ఎన్నాళ్ళు ఎండిందో చెప్పేవారు. ఒకసారి సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళి, అక్కణ్ణుంచి పాడేరు కొండలెక్కి, మిరియాల తీగల కింద కాఫీ తోటలు చూశారు. దిగేటప్పటికి ఆయన మనసు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చాక కాఫీ తెలిసిన మనిషి కావాలని వెతికితే నేను దొరికాను.

నాకు డిగ్రీ ఉంది, అనుభవం లేదు. ఆయనకు అనుభవం ఉంది, కాఫీ తాగే అలవాటు లేదు. మా ఇద్దరి మధ్యా మస్తాన్‌వలి. ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర మిరపకాయ గ్రేడింగ్ చేసిన మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద, నేను మస్తానన్నా అనేవాణ్ణి. చిన్న వేయింపు యంత్రం అతనికి అప్పగించాం. వారం తిరిగేసరికి గింజ చిటపటలు విని మంట తగ్గించడం నాకన్నా బాగా నేర్చేశాడు.

మా పని ఇది. కొండ మీద రైతుల దగ్గర పచ్చి గింజ కొంటాం. కొంచెం వేయించి, పొడి చేసి, కప్పుల్లో వేడినీళ్ళు పోసి, నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన తెట్టును చెంచాతో పక్కకు తోసి వాసన చూస్తాం. చల్లారాక చెంచాతో గట్టిగా జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేస్తాం. నూటికి ఇన్ని మార్కులని వేస్తాం. తర్వాత ఆ గింజను విదేశాల్లోని రోస్టర్లకు, అంటే పచ్చి గింజ కొని వేయించి తమ పేరుతో అమ్ముకునేవాళ్ళకు, నమూనాగా పంపుతాం.

మొదటి రోజు నేను జుర్రుతుంటే కోటేశ్వరరావు గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏందయ్యా హరీ ఆ చప్పుడు? పెళ్ళి బంతిలో కూర్చోబెడితే లేపి పంపిస్తారు నిన్ను."

"అట్లా జుర్రితేనే వాసన ముక్కు వెనక్కి ఎక్కుతుందండి."

"ఎక్కుతుందిలే. ఉమ్మేసేదానికి అంత ఆర్భాటం ఎందుకో!"

మరుసటి వారం ఆయనా జుర్రడం మొదలుపెట్టారు. నాకన్నా గట్టిగా.

పద్నాలుగు గళ్ళ పట్టిక

మా దగ్గర సరుకు కొంచెం. పెద్ద కంపెనీలు అడిగేంత మేము ఇవ్వలేం. చిన్న చిన్న లాట్లు విడిగా కొని, ఏ ఊరి గింజో పొట్లం మీద రాసే రోస్టర్లు మాకు కెనడాలో దొరికారు. కొనేవాళ్ళే మమ్మల్ని ఎంచుకుంటారని అందరూ అనుకుంటారు. సరుకు కొంచెంగా, మంచిదిగా ఉన్నప్పుడు మనం కూడా ఎంచుకోవాలి. ఒకసారి ఇచ్చాక ఆ ఊరి పేరు వాళ్ళ చేతిలో ఉంటుంది.

అందుకని ఆసక్తి చూపిన ప్రతి రోస్టర్‌నూ ఒక పొట్లం పంపమని అడిగేవాణ్ణి. వాళ్ళు గింజను ఎలా వేయిస్తారో చూడాలి కదా. పొట్లం మీద వేయించిన తేదీ ఉందా, రైతు పేరు ఉందా, ఎంత ముదురుగా వేయించారు, లోపల గింజ రంగూ పైన రంగూ ఒకటేనా, రాసిన రుచి కప్పులో ఉందా లేక కవిత్వమేనా, మన ఉత్తరానికి ఎన్ని రోజుల్లో జవాబిచ్చారు... ఇలా పద్నాలుగు.

రుచుల దగ్గర తంటా వచ్చింది. పొట్లాల మీద బ్లూబెర్రీ, మేపుల్ పాకం, బెర్గమాట్ అని ఉండేవి. మా ముగ్గురిలో ఎవరమూ వాటిని తిన్న పాపాన పోలేదు. మస్తానన్న, నేను కూర్చుని మా సొంత జాబితా కట్టాం. బ్లూబెర్రీకి నేరేడు. మేపుల్‌కి తాటిబెల్లం పాకం. బెర్గమాట్‌కి దబ్బకాయ తొక్క. ఆ కాగితం చివరిదాకా గోడమీదే ఉంది.

పట్టిక చూసి కోటేశ్వరరావు గారు ఆటపట్టించారు. "పెళ్ళిచూపులకు కూడా ఇట్టాగే గళ్ళు గీశావా ఏంది?"

"గీశానండి. ఆవిడ కూడా గీసిందట. ఆవిడ పట్టికలో నాది రెండో స్థానం."

"మరి మొదటోడు?"

"వినుకొండ దాటి రానన్నాడటండి."

ఆయన నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

చిలకమ్మ గింజ

ఆ ఏడాది పాడేరు కొండల్లో ఒక చిన్న ఊరివాళ్ళు మొదటిసారి మా మాట మీద పండిన కాయ మాత్రమే ఏరారు. మామూలుగా కొమ్మంతా ఒక్కసారి దూసేస్తారు. ఎర్రగా పండింది మాత్రమే కోయాలంటే చెట్టు దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్ళాలి. వాళ్ళ తరఫున మాట్లాడేది చిలకమ్మ అనే నడివయసు ఆవిడ. "పండు పండు ఏరుతున్నామండి. కొనేవాడు దానికి తగ్గవాడు కాకపోతే మళ్ళీ ఏడు ఎవరూ నా మాట వినరు" అంది. ఆ ఏడాది నా ముందున్న సమస్య అంతా ఆ ఒక్క వాక్యమే.

గింజలో ఎక్కువ భాగం గుంటూరు దించి, పెదకాకాని దగ్గరున్న గోడౌన్లో పెట్టాం. మిగతాది కొండమీదే పైపొట్టుతో ఉంది. రెండో విడత తెద్దామనుకున్నాం. గోడౌన్ ఒకప్పుడు మిరపది. కాఫీ గింజ పక్కనున్న వాసన పీలుస్తుందని పుస్తకంలో చదివినవాణ్ణే కాబట్టి నా జాగ్రత్తలు నేను తీసుకున్నాను. కడిగించాను, సున్నం వేయించాను, తలుపులు తెరిచి నలభై రోజులు ఆరబెట్టించాను. చివరికి లోపలికి వెళ్ళి కళ్ళు మూసుకుని వాసన చూశాను. మస్తానన్న చూశాడు. యజమాని చూశారు. ఏమీ లేదు. జాబితాలో అన్నిటికీ టిక్కు పడింది.

గోడౌన్లోంచి తీసిన నమూనాను ముగ్గురు రోస్టర్లకు పంపాను.

టొరంటో వాళ్ళ జవాబు ముందు వచ్చింది. అందమైన ఉత్తరం. "మీ గింజలో అపురూపమైన మసాలా పరిమళం ఉంది. భారతదేశం కప్పులో కనిపించింది. మొత్తం మాకే ఇవ్వండి" అన్నారు. వాళ్ళ పొట్లం మీద నీలం రంగు కొండల బొమ్మ. నా పట్టికలో వాళ్ళదే మొదటి స్థానం.

వాంకూవర్ వాళ్ళు మంచి మార్కులు వేసి, రెండు వాక్యాలు రాశారు.

మూడోది హాలిఫాక్స్. చిన్న దుకాణం, నడిపేది ఒకావిడ. పొట్లం ఉత్త గోధుమరంగు కాగితం, బొమ్మా లేదు, ఏమీ లేదు. గింజ వేయించి నెల దాటిందని మార్కులు తగ్గించాను. ఆ పొట్లం కస్టమ్స్‌లో మూడు వారాలు పడి ఉందని తర్వాత తెలిసింది. నా పట్టికలో దానికి గడి లేదు. ఆవిడ ఉత్తరం సారాంశం ఇది: "కింద మంచి కాఫీ ఉంది. పైన ఎండుమిరప వాసన ఉంది. అది కాఫీది కాదు. దీన్ని ఎక్కడ ఉంచారు?"

పట్టికలో ఆవిడ అట్టడుగున ఉంది.

ముక్కుకు గుంటూరు వదలాలి

ఉత్తరం తెలుగులో చదివి వినిపించగానే కోటేశ్వరరావు గారి ముఖం ఎర్రబడింది.

"మిరప వాసన నాకు తెలవదా? యాభై ఏళ్ళు దాన్లో పుట్టి పెరిగా. ఆవిడెవరో మంచులో కూర్చుని నాకు చెప్తదా?"

మళ్ళీ కప్పులు వేశాం. ముగ్గురం చూశాం. మిరప లేదు. అప్పుడు మస్తానన్న మెల్లగా అన్నాడు.

"అయ్యగారూ, బయటూరి నుంచి ఎవరన్నా వస్తే యార్డు సెంటర్లో దిగంగానే తుమ్ముతారు గదా. మనం ఎప్పుడన్నా తుమ్మామా?"

నాలుగేళ్ళు చదువుకున్న నాకు తట్టనిది అతనికి తట్టింది. కొలిచే పరికరాన్నే ముందు సరిచూసుకోవాలి. మా పరికరం ముక్కు. అది గుంటూరులో తయారైంది.

మస్తానన్న అక్క ఖాదర్‌బీ ఒంగోలు అవతల కొత్తపట్నంలో ఇడ్లీ కొట్టు నడుపుతుంది. అక్కడ సముద్రపు గాలి తప్ప ఏమీ ఉండదని ముగ్గురం అక్కడికి బయల్దేరాం. రెండు నమూనాలు తీసుకెళ్ళాను. ఒకటి గోడౌన్‌ది. రెండోది కొండమీదే సీసాలో మూసి ఉంచినది, గుంటూరు గోడౌన్ గుమ్మం తొక్కనిది. ఇలాంటి సీసా దాచడం నాకు చదువు నేర్పిన ఒక మంచి అలవాటు.

మూడు రోజులు కారం ముట్టకూడదని నియమం పెట్టాను. చేపలు ఎండబెట్టే వైపు కాకుండా గాలికి ఎదురుగా ఉన్న పాకలో మకాం. ఖాదర్‌బీ మా వాలకం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏరా మస్తానూ, ముగ్గురికీ జొరమా ఏంది? చట్నీ వద్దు, కారప్పొడి వద్దంటన్నారు!"

"ముక్కు శుభ్రం చేసుకుంటన్నాం అక్కా."

"దానికింత దూరం రావాలా? సముద్రంలో ఒక మునక వేస్తే సరిపోయేది."

కోటేశ్వరరావు గారు పెరుగన్నం కలుపుకుంటూ నిట్టూర్చారు. "ఆపరేషన్ అయినప్పుడు కూడా డాక్టరు ఇంత పథ్యం పెట్టలేదమ్మా నాకు."

మొదటి రోజు కప్పులు వేస్తే తేడా తెలియలేదు. రెండో రోజు అనుమానం వచ్చింది. మూడో రోజు పొద్దున మేము వెనక్కి తిరిగి నిలబడితే ఖాదర్‌బీ బల్ల మీద మూడు కప్పుల స్థానాలు మార్చింది. రెండింటిలో కొండ సీసాది, ఒకదానిలో గోడౌన్‌ది.

మధ్య కప్పు మీదికి వంగాను. మడతపెట్టిన పాత గోనె విప్పినట్టు, ముక్కు వెనకెక్కడో పొడిగా, మంటకు ముందు వచ్చే వాసన. ఎప్పటి నుంచో అక్కడే ఉంది. నేను ఇప్పుడు చూస్తున్నాను. మస్తానన్న కూడా మధ్య కప్పే చూపించాడు.

కోటేశ్వరరావు గారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. జుర్రలేదు. మిరపకాయను చూసినట్టు కళ్ళు మూసుకుని చూశారు.

"మిరప కాదయ్యా ఇది. తాలు."

తాలు అంటే రంగు పోయి, తెల్లబారి పుచ్చిన కాయ. యార్డులో దాన్ని వేరే కుప్ప పోస్తారు.

"మనం గింజ పెట్టిన మూల గదిలో తాలు పోయించా ఒక ఏడు. ఆ గోడలు తాగినై" అన్నారు ఆయన. ముక్కు పనిచేసినందుకు ఆయన ముఖంలో గర్వం, చెప్పిన మాటకు సిగ్గు, రెండూ ఒకేసారి కనిపించాయి.

నా తప్పు

ఇది రాయకుండా వదిలేస్తే మిగతాదంతా దండగ. టొరంటోకే ఇచ్చేద్దామన్నది నేను.

"వాళ్ళకి ఆ వాసనే నచ్చిందండి. మనం అబద్ధం చెప్పలేదు. వాళ్ళే పేరు పెట్టుకున్నారు" అన్నాను. సరుకంతా ఒక్కసారి వెళ్ళిపోతుంది, చిలకమ్మ మాట నిలబడుతుంది. పట్టిక కూడా అదే చెబుతోంది.

కోటేశ్వరరావు గారు పాక గుంజకు ఆనుకుని సముద్రం వైపు చూస్తున్నారు.

"వాళ్ళకి నచ్చింది కాఫీ వాసనా, నా మూల గది వాసనా?"

నేను పట్టిక కాగితం మడత విప్పాను.

"వచ్చే ఏడు మంచి గదిలో పెట్టి పంపుతావ్. మసాలా వాసన ఏదీ అంటారు. అప్పుడేం చేస్తావ్? తాలు పోసి పంపుతావా?" నా వైపు తిరిగారు. "మంచి కాయలో తాలు కలిపి అమ్మాడన్న మాట మా ఇంట్లో ఎవరి మీదా లేదు హరీ. నాతో మొదలవ్వద్దు."

నాకు జీతమిచ్చిన మనిషి కాబట్టి పొగడటం లేదు. ఆయన మొండివాడు, ముందు కోప్పడి తర్వాత ఆలోచిస్తాడు, నా నివేదికలు ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదు. కానీ పద్నాలుగు గళ్ళలో నేను పెట్టని గడి ఆయన దగ్గర ఉంది.

ముగ్గురు రోస్టర్లకూ ఉన్నది ఉన్నట్టు రాశాను. తర్వాత కొండెక్కాం. చిలకమ్మ వాళ్ళ కళ్ళం గట్టు మీద కూర్చుని అంతా వింది. ఒకటే అడిగింది.

"మా కాఫీది తప్పా, మీ గదిది తప్పా?"

"మా గదిది తప్పమ్మా" అన్నారు కోటేశ్వరరావు గారు. మాట తడబడలేదు.

టొరంటో వాళ్ళు జవాబివ్వలేదు. వాంకూవర్ వాళ్ళు ఇప్పుడొద్దు, వచ్చే ఏడు చూద్దామన్నారు. హాలిఫాక్స్ ఆవిడ మర్నాడే రాసింది: "గోడౌన్ చూడని గింజ ఎంత ఉంటే అంత పంపండి." కొండమీద మిగిలింది సగంలో సగం. అది తిన్నగా విశాఖ రేవుకు వెళ్ళి ఓడెక్కింది. కిందకు దించింది ఇక్కడే చికోరీ కలిపేవాళ్ళకు, సంగతి చెప్పి ఇచ్చేశాం. కొన్ని నెలలకు హాలిఫాక్స్ నుంచి ఒక పొట్లం వచ్చింది. అదే గోధుమరంగు కాగితం. దాని మీద చిలకమ్మ ఊరి పేరు. స్పెల్లింగు కూడా ఆవిడ మమ్మల్ని అడిగి రాసింది. చిలకమ్మ ఆ ఖాళీ పొట్లాన్ని ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకు తగిలించింది. మరుసటి ఏడు ఆ ఊళ్ళో అందరూ పండు ఏరారు.

ఆ రోస్టర్‌తో పదమూడేళ్ళు పనిచేశాం. ఆవిడను నేను ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు. వీడియోలో మాత్రం వెనక కిటికీలో ఎప్పుడూ మంచు, చేతిలో ఎప్పుడూ చెంచా. నేను జుర్రితే అక్కడ ఆవిడా జుర్రేది. ఇప్పటికీ పొద్దున్నే ఏ ఇంట్లోనైనా చెంచా కప్పుకు తగిలిన చప్పుడు వింటే ఆ గది గుర్తొస్తుంది: గోడమీద నేరేడు, దబ్బకాయ జాబితా, యంత్రంలో గింజ చిటపట, దూరంగా రోడ్డు మీద మిరప లారీ హారన్.

తాలు డబ్బా

కొత్తపట్నం నుంచి వచ్చాక పాత గోడౌన్ గింజను కొంచెం ఒక డబ్బాలో మూసి ఉంచాం. ఏడాదికోసారి మూల గది గోడ పక్కన పెట్టి కొత్తది చేసేవాళ్ళం. నియమం నేనే రాశాను. కాఫీ గది ఊరి బయటకు మారింది. రోజూ మొదట అయిదు కప్పులు వేస్తాం, ఒకదానిలో డబ్బాలోది ఉంటుంది. ఎవరు దాన్ని పట్టుకోలేకపోతే వాళ్ళు ఆ రోజు రుచి చూడకూడదు. యజమానికి కూడా మినహాయింపు లేదు.

తర్వాత ఒక జ్వరం వచ్చింది. తగ్గింది. వాసన తిరిగి రాలేదు. వస్తుందిలే అని అయిదు వారాలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున మస్తానన్న చూపు ఏ కప్పు మీద ఆగుతుందో గమనించి డబ్బా కప్పు చెప్పేవాణ్ణి. మార్కులు అలవాటు మీద వేశాను. చిలకమ్మ ఊరివి మూడు లాట్లు అలా దాటించాను.

ఒక పొద్దున మస్తానన్న కప్పుల వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను కాగితం నింపి ఇచ్చాను. అతను చదివి బల్ల మీద పెట్టాడు.

"హరీ, నాలుగో కప్పు చూడయ్యా."

ఆ రోజు డబ్బా గింజ నాలుగో కప్పులో ఉంది. దానికి నేను వేసినవి ఎనభై ఆరు. పక్కన 'శుభ్రం, తాటిబెల్లం' అని నా దస్తూరీ.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"అయిదు వారాలు."

"నాకు తెలిసి నాలుగు వారాలయింది. నీతో అనలేకపోతన్నా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మూడు లాట్లూ ఇంకా మా గదిలోనే ఉన్నాయి. అతను అన్నీ మళ్ళీ చూశాడు. రెండు బాగున్నాయి. మూడోదానిలో తడి బస్తా వాసన. చిలకమ్మకు ఫోన్ చేశాను. ఈసారి ఆవిడ అడగకముందే చెప్పాను.

"తప్పు నా ముక్కుదమ్మా. మూడో లాటు బాగాలేదు, నేను బాగుందని రాశాను."



"మూడోదా? అది మాదేనండి బాబూ. వాన రెండ్రోజులు పట్టింది. ఆరకుండానే గబగబా ఎత్తీసినాం. అది పంపకండి. కెనడా అమ్మకి ఉన్నది ఉన్నట్టు రాసీయండి."

ఉత్తరం నేనే రాశాను. లాటు తీసేసిన కారణం, నా అయిదు వారాల సంగతి, రెండూ రాశాను. కింద 'రుచి చూసినవారు' అన్నచోట పదమూడేళ్ళుగా నా పేరు రాయడం చేతికి అలవాటు. కలం అక్కడ ఒక క్షణం ఆగింది. మస్తాన్‌వలి అని రాసి, సంతకానికి అతని ముందుకు జరిపాను.